ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మధ్యలో ఆగిందా? మూగబోయిన ఆడియో పరికరాన్ని పునరుద్ధరించే విధానం

వాయిస్ రికార్డర్, మ్యూజిక్ ప్లేయర్, సౌండ్‌బార్, ఇయర్‌బడ్లు.. పరికరం ఏదైనా, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కుతున్న సమయంలో కరెంటు పోయినా, కేబుల్ ఊడినా, బ్యాటరీ అయిపోయినా అది ఒక్కసారిగా స్తంభించిపోవచ్చు. తెరపై కంపెనీ చిహ్నం వచ్చి అక్కడే నిలిచిపోతుంది. కొన్నిసార్లు ఆ చిహ్నం కూడా కనిపించదు. బటన్లు స్పందించవు. ఆ క్షణంలో వినియోగదారునికి రెండు సందేహాలు కలుగుతాయి. పరికరం పూర్తిగా పోయినట్లేనా? అందులోని రికార్డింగులు కూడా పోయినట్లేనా?

చాలా సందర్భాలలో రెండింటికీ సమాధానం ‘కాదు’ అనే చెప్పవచ్చు. అప్‌డేట్ విఫలమైనప్పుడు సాధారణంగా దెబ్బతినేది పరికరంలోని ఒక్క పొర మాత్రమే. దాని కింద ఉండే పొరలు చెక్కుచెదరకుండా ఉంటే, వాటి సాయంతోనే పై పొరను మళ్లీ నిర్మించవచ్చు. అసలు నష్టం తరచుగా ఆ తర్వాత జరుగుతుంది. కంగారులో ‘ఫార్మాట్’ నొక్కడం, వేరే మోడల్‌కు చెందిన ఫైల్‌ను ఎక్కించడం, మూత విప్పడం వంటి తొందరపాటు చర్యలే బాగుపడే పరికరాన్ని బాగుపడని స్థితికి చేరుస్తాయి.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి?

ఆడియో పరికరం లోపల ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. బటన్ నొక్కితే ఏం చేయాలి, మైక్ నుంచి వచ్చిన విద్యుత్ సంకేతాన్ని అంకెలుగా ఎలా మార్చాలి, ఆ అంకెలను మెమరీ కార్డులో ఏ క్రమంలో రాయాలి అన్న ఆదేశాలన్నీ ఆ ప్రాసెసర్ ఒక ప్రోగ్రామ్ నుంచి చదువుకుంటుంది. ఆ ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. హార్డ్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ నడుమ ఉండే ఈ అంశానికి 1967లో యాషర్ ఆప్లర్ అనే కంప్యూటర్ నిపుణుడు ‘డేటామేషన్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఆ పేరు పెట్టారు. అప్పట్లో ఆయన ఉద్దేశించిన అర్థం కాస్త సంకుచితమైనది. కాలక్రమంలో అది పరికరం లోపల స్థిరంగా ఉండే ప్రోగ్రామ్‌లన్నింటికీ వర్తించే పదంగా మారింది.

నేటి పరికరాలలో ఫర్మ్‌వేర్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. జపాన్‌కు చెందిన తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఓకా 1984లో ఈ మెమరీని ప్రపంచానికి పరిచయం చేశారు. కరెంటు లేకున్నా ఇందులోని సమాచారం చెరగదు. అయితే దీనికి ఒక స్వభావం ఉంది. పలకపై పాత అక్షరాన్ని చెరపకుండా కొత్తది రాయలేనట్లే, ఫ్లాష్ మెమరీలో ఒక భాగాన్ని ముందుగా పూర్తిగా తుడిచిన తర్వాతనే కొత్త సమాచారం రాయగలం. పైగా ఆ తుడవడం ఒక్కొక్క అక్షరంగా జరగదు. ఒక పెద్ద ఖండం మొత్తం ఒకేసారి చెరిగిపోతుంది.

అప్‌డేట్ ఎందుకు ప్రమాదకరం?

పై స్వభావమే అప్‌డేట్‌లోని ప్రమాదానికి మూలం. పాత ఫర్మ్‌వేర్‌ను తుడిచివేసి, కొత్తది పూర్తిగా రాసేలోపు కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో పరికరం వద్ద పాత ప్రోగ్రామ్ లేదు, కొత్తదీ సంపూర్ణంగా లేదు. సరిగ్గా అప్పుడే విద్యుత్ సరఫరా ఆగితే ప్రాసెసర్‌కు చదువుకోవడానికి సగం వాక్యాలు మాత్రమే మిగులుతాయి.

వైఫల్యానికి విద్యుత్ అంతరాయం ఒక్కటే కారణం కాదు. డౌన్‌లోడ్ మధ్యలో ఆగి ఫైల్ అసంపూర్ణంగా ఉండవచ్చు. మోడల్ పేరు ఒకటే అయినా లోపలి బోర్డు వేరైన పరికరానికి ఆ ఫైల్ సరిపడకపోవచ్చు. మెమరీ కార్డు పాతబడి తప్పులు చదువుతుండవచ్చు. కొన్ని సందర్భాలలో కంపెనీ విడుదల చేసిన ఫర్మ్‌వేర్‌లోనే లోపం ఉండవచ్చు.

ఈ ప్రమాదాన్ని తగ్గించేందుకు తయారీదారులు కొన్ని రక్షణలు కల్పిస్తారు. ఫైల్ చివర ఒక లెక్కింపు సంఖ్యను జోడించి, పరికరం తాను అందుకున్న ఫైల్‌ను మళ్లీ లెక్కించి సరిపోల్చుకునేలా చేస్తారు. ఫైల్ నిజంగా తమదేనని నిర్ధారించే డిజిటల్ సంతకాన్ని చేరుస్తారు. మరికొన్ని పరికరాలలో ఫర్మ్‌వేర్‌కు రెండు గదులు ఉంటాయి. కొత్తది రెండో గదిలో పూర్తిగా రాసి, సరిచూసిన తర్వాతనే పాతదాన్ని పక్కన పెడతారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2016లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి ఈ పద్ధతికి అవకాశం ఏర్పడింది. యూఎస్‌బీ ఆడియో పరికరాలకు చిప్‌లు అందించే బ్రిటన్ సంస్థ ఎక్స్‌మాస్ రూపొందించిన నమూనాలోనూ ఫ్యాక్టరీ ప్రతి ఒకటి, అప్‌డేట్ ప్రతి ఒకటి విడివిడిగా ఉంటాయి. రెండోది పాడైతే పరికరం మొదటిదానితో మేల్కొంటుంది. తక్కువ ధర పరికరాలలో మెమరీ ఖర్చు ఆదా చేసేందుకు ఈ రెండో గదిని వదిలివేయడం పరిపాటి.

మూడు పొరలు.. వాటి ప్రాముఖ్యం

ఇలా స్తంభించిన పరికరాన్ని ఆంగ్ల సాంకేతిక వాడుకలో ‘బ్రిక్’ అయిందంటారు. అంటే ఇటుకగా మారిందని అర్థం. మన రిపేరు దుకాణాలలో ‘డెడ్’ అంటారు. రెండు మాటలూ తుది తీర్పులా ధ్వనిస్తాయి. వాస్తవంలో అందులో స్థాయులు ఉన్నాయి. ఏ స్థాయిలో ఉన్నదో తేల్చుకోవాలంటే పరికరం ఎలా మేల్కొంటుందో తెలియాలి.

పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసర్ ముందుగా చదివేది తనలోనే ఉన్న బూట్ రామ్. దీన్ని చిప్ తయారైన రోజే ఫ్యాక్టరీలో శాశ్వతంగా ముద్రిస్తారు. ఏ అప్‌డేట్ కూడా దీన్ని చెరపలేదు. ఇది రెండో పొర అయిన బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. బూట్‌లోడర్ చిన్న ప్రోగ్రామ్. ప్రధాన ఫర్మ్‌వేర్ సవ్యంగా ఉందో లేదో చూసి దానికి పగ్గాలు అప్పగించడం, అవసరమైతే కార్డు నుంచో యూఎస్‌బీ నుంచో కొత్త ఫర్మ్‌వేర్‌ను అందుకోవడం దీని పని. మూడో పొర ప్రధాన ఫర్మ్‌వేర్. మనం తెరపై చూసే మెనూలు, రికార్డింగ్, ప్లేబ్యాక్ అన్నీ ఇందులోవే.

సాధారణ అప్‌డేట్ మూడో పొరను మాత్రమే మారుస్తుంది. అది పాడైనా రెండో పొర బతికి ఉంటే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. రెండో పొర కూడా పోతే బూట్ రామ్ సాయంతో, సరైన పరికరాలు ఉన్న నిపుణుడు బాగుచేయగలడు. చిప్ కాలిపోయినప్పుడు మాత్రమే బోర్డు మార్చక తప్పదు.

ముందుగా కాపాడవలసినవి రికార్డింగులు

పరికరాన్ని మళ్లీ కొనవచ్చు, స్వరాన్ని కొనలేం. అండమాన్‌లోని ‘బో’ భాషను మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరి 26న మరణించారు. భాషావేత్త అన్వితా అబ్బి ఆమెతో చేసిన రికార్డింగుల వల్లనే ఆ భాష ధ్వని నేటికీ వినగలుగుతున్నాం. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ 10,000 మంది కన్నా తక్కువ మంది మాట్లాడే భాషలను నమోదు చేసే పథకాన్ని నిర్వహిస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాలలోని కొండ, గదబ, కొలామీ వంటి భాషలపై పనిచేసే పరిశోధకుల చేతిలోనూ ఉండేది ఇటువంటి చిన్న రికార్డర్లే. ఇళ్లలో నాయనమ్మ పాటలు, తాతగారి జ్ఞాపకాలు దాచుకునేవారి పరిస్థితీ ఇంతే.

ఊరటనిచ్చే విషయం ఏమిటంటే, రికార్డింగులు సాధారణంగా ఫర్మ్‌వేర్‌తో పాటు ఒకే చోట ఉండవు. కార్డు వాడే రికార్డర్లలో ఫర్మ్‌వేర్ బోర్డుపై ఉన్న చిప్‌లో ఉంటుంది, ధ్వని ఫైళ్లు కార్డులో ఉంటాయి. ఫర్మ్‌వేర్ చెడినంత మాత్రాన కార్డులోని ఫైళ్లు చెడవు. కనుక పునరుద్ధరణ ప్రయత్నాలకు ముందే పరికరాన్ని ఆపివేసి కార్డును బయటకు తీయాలి. పెద్ద ఎస్‌డీ కార్డుకు పక్కన ఉండే చిన్న లాక్ మీటను కిందికి జరిపి, కార్డ్ రీడర్ ద్వారా ఫైళ్లన్నింటినీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి. మైక్రో ఎస్‌డీ కార్డుకు లాక్ ఉండదు గానీ, దాన్ని అమర్చే అడాప్టర్‌కు ఉంటుంది.

కార్డు లేకుండా అంతర్గత మెమరీలోనే భద్రపరిచే పరికరమైతే యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, డ్రైవ్‌గా కనిపిస్తున్నదేమో చూడాలి. ఈ సమయంలో ‘డిస్క్‌ను వాడేముందు ఫార్మాట్ చేయాలి’ అన్న సందేశం వస్తే ‘క్యాన్సిల్’ నొక్కాలి. ఆ సందేశానికి అర్థం డిస్క్ ఖాళీగా ఉందని కాదు. అందులోని విషయసూచికను కంప్యూటర్ చదవలేకపోతున్నదని మాత్రమే. పొరపాటున ఫార్మాట్ చేసినా ఆ డిస్క్‌పై కొత్తగా ఏమీ రాయకుండా ఉంటే, ఫోటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌లతో ఫైళ్లను తిరిగి రాబట్టే అవకాశం ఉంటుంది. రాబట్టిన ఫైళ్లను అదే డిస్క్‌లో కాకుండా వేరే డిస్క్‌లో భద్రపరచాలి.

పరికరం ఏ స్థితిలో ఉంది?

రికార్డింగులు భద్రమయ్యాక పరికరం ఇచ్చే సంకేతాలను గమనించాలి.

కంపెనీ చిహ్నం వచ్చి ఆగిపోతున్నా, పదే పదే రీస్టార్ట్ అవుతున్నా, తెరపై అప్‌డేట్ సందేశం నిలిచిపోయినా బూట్‌లోడర్ బతికే ఉందని చెప్పవచ్చు. ఇది సులభంగా బాగుపడే స్థితి.

తెర నల్లగా ఉండి, యూఎస్‌బీకి కలిపినప్పుడు కంప్యూటర్ ఏదో ఒక శబ్దం చేసినా, విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో కొత్త పేరు కనిపించినా ఆశ వదులుకోనవసరం లేదు. ఆ పేరులో ‘డీఎఫ్‌యూ’, ‘రికవరీ’, ‘బూట్’ వంటి మాటలు ఉంటే పరికరం కొత్త ఫర్మ్‌వేర్ కోసం ఎదురుచూస్తున్నదని అర్థం.

తెర వెలగక, దీపం వెలగక, కంప్యూటర్ కూడా గుర్తించకపోతే స్థితి తీవ్రమైనది కావచ్చు. అయినా ఆ నిర్ణయానికి వచ్చేముందు కేబుల్ మార్చి చూడాలి. మార్కెట్‌లో దొరికే అనేక కేబుళ్లలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, సమాచారం మోసే తీగలు ఉండవు. అటువంటి కేబుల్‌తో మంచి పరికరాన్ని కలిపినా కంప్యూటర్ గుర్తించదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన పరికరం కూడా ఛార్జర్‌కు పెట్టిన కొంతసేపటి వరకు ఏ సంకేతమూ ఇవ్వకపోవచ్చు.

పునరుద్ధరణ: వరుస క్రమం

మొదటి పని వేచి ఉండడం. అప్‌డేట్ ఆగిపోయినట్లు కనిపించినా లోపల రాత కొనసాగుతూ ఉండవచ్చు. కంపెనీ సూచించిన సమయం కన్నా కనీసం అరగంట ఎక్కువ ఆగి, అప్పటికీ మార్పు లేకపోతేనే ముందుకు సాగాలి.

రెండో పని బలవంతపు రీస్టార్ట్. బ్యాటరీ విప్పగలిగిన పరికరమైతే బ్యాటరీ, అడాప్టర్ రెండూ తీసి కొన్ని నిమిషాలు ఉంచాలి. బ్యాటరీ లోపలే బిగించి ఉంటే పవర్ బటన్‌ను 10 నుంచి 30 సెకన్ల వరకు నొక్కి పట్టుకోవాలి. కొన్నింటికి గుండుసూది పట్టే రీసెట్ రంధ్రం ఉంటుంది. మైక్ రంధ్రాన్ని రీసెట్ రంధ్రంగా పొరబడి సూది గుచ్చితే మైక్ శాశ్వతంగా పాడవుతుంది కనుక మాన్యువల్ చూసిన తర్వాతనే ఆ పని చేయాలి.

మూడో పని సరైన ఫైల్ సంపాదించడం. తయారీదారు వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. పరికరం వెనుక ముద్రించిన పూర్తి మోడల్ సంఖ్యను అక్షరం అక్షరం సరిపోల్చాలి. జిప్ రూపంలో వస్తే దాన్ని విప్పి, లోపలి ఫైల్‌ను మాత్రమే తీసుకోవాలి. ఆ ఫైల్ పేరు మార్చకూడదు. బూట్‌లోడర్ చాలా చిన్న ప్రోగ్రామ్ కావడం వల్ల అది ఖచ్చితంగా ఒక పేరు కోసం మాత్రమే వెతుకుతుంది. ఒకే ఫైల్‌ను రెండుసార్లు డౌన్‌లోడ్ చేసినప్పుడు కంప్యూటర్ పేరు చివర ‘1’ అన్న అంకె చేరుస్తుంది. ఆ ఒక్క అంకె వల్ల పునరుద్ధరణ విఫలం కావచ్చు.

నాలుగో పని కార్డును సిద్ధం చేయడం. రికార్డింగులు ఉన్న కార్డును కాకుండా వేరొక ఖాళీ కార్డును వాడాలి. 32 జీబీ లేదా అంతకన్నా తక్కువ సామర్థ్యం గల కార్డు మేలు. ఆ పరిమితి వరకు ఎస్‌డీ కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. అంతకన్నా పెద్దవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, పాత బూట్‌లోడర్లలో చాలావాటికి అది అర్థం కాదు. ఫర్మ్‌వేర్ ఫైల్‌ను ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా కార్డు పై స్థాయిలోనే ఉంచాలి.

ఐదో పని పరికరాన్ని అప్‌డేట్ స్థితిలో మేల్కొలపడం. దీనికి ప్రతి పరికరానికీ ఒక బటన్ల కలయిక ఉంటుంది. పాత్రికేయులు, సంగీతకారులు విస్తృతంగా వాడే జూమ్ సంస్థ హెచ్1ఎన్, హెచ్5, హెచ్6 రికార్డర్లను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఫర్మ్‌వేర్ ఫైల్‌ను కార్డులో ఉంచి, ప్లే బటన్‌ను నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే రికార్డర్ మామూలు మెనూకు వెళ్లకుండా అప్‌డేట్ తెరను చూపుతుంది. బ్యాటరీ తక్కువగా ఉంటే అప్‌డేట్‌ను అనుమతించదు. కొత్త బ్యాటరీలు గానీ అడాప్టర్ గానీ అవసరం. ప్రయత్నం విఫలమైతే ఇదే వరుసను మొదటి నుంచి మళ్లీ చేయాలి. బూట్‌లోడర్ చెక్కుచెదరనప్పుడు రెండో ప్రయత్నానికి అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

కార్డు లేని పరికరాలకు యూఎస్‌బీ మార్గం

కార్డు లేని యూఎస్‌బీ ఆడియో పరికరాలలో అనేకం ‘డీఎఫ్‌యూ’ అనే ఉమ్మడి పద్ధతిని పాటిస్తాయి. యూఎస్‌బీ ప్రమాణాలను నిర్ణయించే వేదిక దీని తొలి రూపాన్ని 1999లో, సవరించిన 1.1 రూపాన్ని 2004లో ప్రకటించింది. ఒక నిర్దిష్ట బటన్‌ను నొక్కి పట్టుకుని కేబుల్ కలిపితే పరికరం తన మామూలు రూపాన్ని వదలి, ‘కొత్త ఫర్మ్‌వేర్ పంపండి’ అని కంప్యూటర్‌కు తెలిపే స్థితిలోకి వస్తుంది. అప్పుడు కంపెనీ ఇచ్చిన అప్‌డేట్ ప్రోగ్రామ్‌ను తెరిచి ఫైల్ పంపవచ్చు. ఈ సమయంలో యూఎస్‌బీ హబ్ వాడకుండా కంప్యూటర్ పోర్టుకే నేరుగా కలపాలి. ల్యాప్‌టాప్ నిద్రాస్థితిలోకి జారకుండా సెట్టింగ్ మార్చుకోవాలి.

పాత ఐపాడ్‌లు ఇదే సూత్రానికి మరొక ఉదాహరణ. ఆపిల్ 2001లో ప్రవేశపెట్టి, 2022లో విరమించిన ఈ ప్లేయర్లు ఇప్పటికీ ఎందరి ఇళ్లలోనో ఉన్నాయి. క్లిక్ వీల్ ఉన్న మోడళ్లలో మెనూ, మధ్య బటన్లను కలిపి నొక్కి పట్టుకుంటే రీస్టార్ట్ అవుతుంది. ఆపిల్ చిహ్నం కనిపించగానే మధ్య బటన్, ప్లే బటన్లను కలిపి నొక్కితే ‘డిస్క్ మోడ్’ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి కంప్యూటర్‌లోని ఐట్యూన్స్ ద్వారా ‘రీస్టోర్’ చేయవచ్చు. రీస్టోర్ అంటే పాటలన్నీ చెరిగిపోతాయని మరువకూడదు. ముందుగా డిస్క్ మోడ్‌లోనే ఫైళ్లను కాపీ చేసుకోవాలి.

ఇయర్‌బడ్ల సంగతి వేరు

వైర్‌లెస్ ఇయర్‌బడ్లలో అప్‌డేట్ ఫోన్‌లోని యాప్ నుంచి బ్లూటూత్ ద్వారా గాలిలో ప్రయాణిస్తుంది. కుడి, ఎడమ బడ్లు రెండింటిలోనూ వేర్వేరు ప్రాసెసర్లు ఉంటాయి. ఒకటి కొత్త ఫర్మ్‌వేర్ అందుకుని మరొకటి పాతదానితో మిగిలిపోతే అవి ఒకదానినొకటి గుర్తించకపోవచ్చు. ఒక చెవిలోనే శబ్దం రావడం దీనికి సాధారణ లక్షణం.

ఇటువంటప్పుడు రెండు బడ్లనూ పెట్టెలో పెట్టి పూర్తిగా ఛార్జ్ చేయాలి. ఫోన్‌లోని బ్లూటూత్ జాబితా నుంచి పాత జతను తొలగించాలి. ఆ తర్వాత మాన్యువల్‌లో చెప్పిన విధంగా ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఉదాహరణకు పెట్టె వెనుక బటన్ ఉన్న ఎయిర్‌పాడ్‌లలో మూత తెరిచి ఆ బటన్‌ను సుమారు 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే దీపం కాషాయ రంగులో, ఆపై తెలుపు రంగులో మినుకుమంటుంది. తిరిగి జత కలిపాక యాప్ మళ్లీ అప్‌డేట్‌ను కోరితే ఫోన్‌ను, పెట్టెను పక్కపక్కనే ఉంచి, ఇతర బ్లూటూత్ పరికరాలను ఆపివేసి పూర్తి చేయాలి. రీసెట్ వల్ల ఫర్మ్‌వేర్ పాత వెర్షన్‌కు మారదు. జతలు, సెట్టింగులు మాత్రమే చెరుగుతాయి.

మూత విప్పవలసి వస్తే

పై మార్గాలేవీ ఫలించకపోతే మిగిలేది బోర్డు స్థాయి మరమ్మతు. బోర్డుపై తయారీదారు వదిలిన సీరియల్ పిన్‌ల ద్వారా ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడడం ఒక పద్ధతి. ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్‌కు క్లిప్ తగిలించి, ప్రోగ్రామర్ అనే పరికరంతో అందులోని సమాచారాన్ని చదివి, మంచి ప్రతిని తిరిగి రాయడం మరొకటి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్, ముంబై లామింగ్టన్ రోడ్ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఇందుకు కావలసిన సరంజామా, చేయి తిరిగిన మెకానిక్‌లు దొరుకుతారు.

ఇది అనుభవం లేనివారు ప్రయోగించదగినది కాదు. ఈ చిప్‌లు 3.3 వోల్టుల వద్ద, కొన్ని 1.8 వోల్టుల వద్ద పనిచేస్తాయి. చవకగా దొరికే సీహెచ్341ఏ ప్రోగ్రామర్లలో నల్లని బోర్డుతో వచ్చేవి సమాచార పిన్‌లపై 5 వోల్టులు పంపడం తెలిసిన లోపమే. బాగుపడవలసిన చిప్ దానివల్ల కాలిపోవచ్చు. లోపలి లిథియం బ్యాటరీకి స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటే మంటలు చెలరేగే ప్రమాదం ఉంది. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టాలి. చిప్‌పై కొత్తగా ఏదైనా రాసేముందు అందులో ఉన్నదాన్ని రెండుసార్లు చదివి, రెండు ప్రతులూ ఒకేలా ఉన్నాయని సరిచూసి భద్రపరచాలి. ఆ పరికరానికే ప్రత్యేకమైన సీరియల్ సంఖ్య, మైక్ సర్దుబాటు విలువలు అందులోనే ఉండవచ్చు. వారంటీలో ఉన్న పరికరం మూత ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పరాదు.

తప్పు కంపెనీదైతే..

వినియోగదారుడు అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా పరికరం మూగబోయిన సందర్భాలు ఉన్నాయి. 2025 మార్చిలో శాంసంగ్ హెచ్‌డబ్ల్యూ-క్యూ990డీ సౌండ్‌బార్‌లకు 1020.7 వెర్షన్ ఫర్మ్‌వేర్ అందిన తర్వాత అనేక దేశాలలో అవి స్తంభించిపోయాయి. రిమోట్‌కు, బటన్లకు స్పందించలేదు, రీసెట్ ప్రయత్నాలు ఫలించలేదు. సర్వీస్ ద్వారా మరమ్మతు చేయించవలసి వచ్చింది. ఇంటర్నెట్‌కు కలిసి ఉండే పరికరం యజమాని ప్రమేయం లేకుండానే మారగలదని, ఆ మార్పునకు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వారంటీ గడువుతో ముగియదని ఆ ఉదంతం గుర్తు చేసింది.

భారత్‌లో ఇటువంటి ఫిర్యాదులకు మార్గాలు ఉన్నాయి. తొలుత కంపెనీకి ఈమెయిల్ ద్వారా రాతపూర్వకంగా తెలపాలి. అప్‌డేట్ జరిగిన తేదీ, వెర్షన్ సంఖ్య, తెరపై కనిపించిన సందేశం ఫోటో, కొనుగోలు బిల్లు జతచేయాలి. పరిష్కారం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగుతో సహా 17 భాషలలో ఆ సేవ అందుబాటులో ఉంది. అప్పటికీ ఫలితం లేకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తాము నివసించే జిల్లాలోని కమిషన్‌ను రెండేళ్లలోపు ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి వేదిక ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మాన్యువల్, విడిభాగాలు, అధీకృత సర్వీస్ కేంద్రాల వివరాలను ఒకే చోట అందించేందుకు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌ను కూడా ప్రారంభించింది.

మళ్లీ జరగకుండా..

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు అప్‌డేట్ చేయకుండా ఉంటే సరిపోదా అన్న సందేహం సహజం. అది క్షేమకరం కాదు. అనేక ప్రముఖ సంస్థల హెడ్‌ఫోన్లు, ఇయర్‌బడ్లలో వాడే ఎయిరోహా బ్లూటూత్ చిప్‌లలో భద్రతా లోపాలు ఉన్నట్లు 2025 జూన్‌లో జర్మనీ పరిశోధకులు వెల్లడించారు. అటువంటి లోపాలను పూడ్చగలిగేది కొత్త ఫర్మ్‌వేర్ మాత్రమే. కనుక అప్‌డేట్ దేనికోసమో చదివి, సమయం ఎంచుకుని చేయడం వివేకం.

ముఖ్యమైన రికార్డింగ్ లేదా కచేరీకి ముందు రోజున అప్‌డేట్ జోలికి వెళ్లకూడదు. కొత్త వెర్షన్ విడుదలైన ఒకటి రెండు వారాలు ఆగితే అందులోని లోపాలు బయటపడతాయి. రికార్డింగులను ముందే వేరొక చోటికి కాపీ చేసుకోవాలి. బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేయాలి. కరెంటు కోతలు ఉన్న ప్రాంతాలలో కంప్యూటర్, రౌటర్ రెండూ ఇన్వర్టర్ లేదా యూపీఎస్‌పై ఉండేలా చూసుకోవాలి. డెస్క్‌టాప్ కన్నా బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి అప్‌డేట్ చేయడం మంచిది. ప్రస్తుత వెర్షన్ ఫైల్‌ను, మాన్యువల్‌ను ముందుగానే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవాలి. కంపెనీ ఆ మోడల్‌ను నిలిపివేశాక వెబ్‌సైట్ నుంచి ఆ ఫైళ్లు మాయమవడం అరుదేమీ కాదు. కొన్ని పరికరాలు భద్రతా కారణాలతో పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లడానికి అంగీకరించవన్న విషయాన్నీ దృష్టిలో ఉంచుకోవాలి.

అప్‌డేట్ మొదలైన తర్వాత పరికరాన్ని కదపకుండా, బటన్లు నొక్కకుండా, పూర్తయినట్లు సందేశం వచ్చే వరకు వేచి ఉండాలి. ఒకవేళ విఫలమైతే చేయవలసిన వరుస గుర్తుంచుకోదగినంత చిన్నదే. ముందు కార్డు తీయాలి, రికార్డింగులు కాపీ చేయాలి. తర్వాత పరికరం ఏ పొర వరకు మేల్కొంటున్నదో చూడాలి. ఆపై సరైన ఫైల్‌తో, నిండు బ్యాటరీతో మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ పలకని పరికరాన్ని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లవచ్చు. అందులోని స్వరాలు అప్పటికే భద్రంగా ఉంటాయి.